ఆరో నంబరు ఇంటి బొగ్గుల గది

గోడ అరలో వరసగా బోర్లించి ఉన్న పన్నెండు గాజు గ్లాసులను అమ్మణ్ణి ఒక్కొక్కటిగా చూపుడువేలితో వెనక్కి నెట్టింది. నిజానికి అవి కదలనే లేదు. గనిలో తూటాలు పేలడం ఆగిపోయి ఆరేళ్లయింది. అంతకుముందు రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకు సైరను మోగేది. కొండ కడుపులో ఎక్కడో పేలుడు జరిగేది. ఇల్లు నిద్రలో ఒళ్లు విరుచుకున్నట్టు ఒక్కసారి కదిలేది. గ్లాసులు గలగలమని వెంట్రుకవాసి ముందుకు జరిగేవి. వారం రోజులు పట్టించుకోకపోతే అర అంచుకొచ్చి నిలబడేవి. పొద్దున్నే వాటిని వెనక్కి నెట్టడంతో ఆమె డ్యూటీ మొదలయ్యేది. ఇప్పుడు పేలుళ్లు లేవు గానీ వేలు ఊరుకోదు.

ఆ వేలి గోరు నల్లగా, చదునుగా ఉంటుంది. అది ఈ దేశంలో తగిలిన దెబ్బ కాదు. కడప జిల్లాలో, రాజంపేట దాటాక ఉండే ముగ్గురాయి గనుల్లో, చిన్న సుత్తితో రాయి కొట్టి మంచిదీ చెడ్డదీ ఏరే పనిలో పద్దెనిమిదో ఏట తగిలింది. ఇప్పుడామెకు యాభై తొమ్మిది. సన్నటి మనిషి. నడుస్తుంటే చీర చప్పుడు తప్ప అడుగు చప్పుడు వినపడదు. జుట్టు సగం పైగా నెరిసింది, కనుబొమలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి.

పొయ్యి వెలిగించి కహ్వాకు, అంటే అరబ్బుల కాఫీకి, నీళ్లు పెట్టింది. రెండు ఏలకులు చితక్కొట్టి అందులో వేసింది. కిటికీ అవతల కొండలు ఇంకా చీకటి కప్పుకునే ఉన్నాయి. వాటి కింద, ఏ కాలంలోనో ఎవరో రాగి కరిగించి పారబోసిన చిట్టెపు రాళ్ల గుట్టలు మంచుకు తడిసి మెరుస్తున్నాయి. ఎండిన వాగులో బండల మీద పచ్చటి మరకలు. వచ్చిన కొత్తలో ఆమె ఆ పచ్చదనాన్ని నాచు అనుకుని, నీళ్లుంటాయేమోనని బకెట్టు పట్టుకుని పోయింది. దగ్గరికి పోయి చూస్తే రాయికి పట్టిన రాగి చిలుము.

ఒమాన్‌లో, సోహార్ నుంచి కొండల్లోకి గంట ప్రయాణం. అక్కడ ఒకే కప్పు కింద ఎనిమిది ఇళ్లు, ఒకరి గోడే పక్కవాళ్లకూ గోడ. అందరూ లైను అంటారు. నలభై ఏళ్ల కిందట గని తెరిచిన రోజుల్లో ఒక ఇంగ్లీషు దొర కట్టించాడు. ఆయన తాతముత్తాతలు వాళ్ల దేశంలో గని కూలీలట. తాను పుట్టిన వీధి ఎట్లా ఉండేదో అచ్చం అట్లాగే నక్షా గీయించాడు. అందుకే ప్రతి ఇంటికీ ముందు గదిలో చలిమంట వేసుకునే గూడు, కప్పు మీద ఇటుకల పొగగొట్టం, పెరట్లో బొగ్గులు పోసుకునే చిన్న గది ఉన్నాయి. ఎండాకాలం ఇనుప గడియ ముట్టుకుంటే వేళ్లు కాలే చోట ఆ గూళ్లలో ఒక్కనాడూ ఎవరూ కట్టె కాల్చలేదు. దొర ఉన్నది ఈ ఆరో నంబరులోనే. సాయంత్రం స్నానం చేసి, ఆ ఖాళీ గూటి ముందు కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకుని కూర్చునేవాడని అప్పటినుంచీ ఉన్న డ్రైవరు ఖమరుద్దీన్ చెప్తాడు.

నిన్న సాయంత్రం ఫహద్ ఫోను చేశాడు. ఆరో నంబరులో ఇప్పుడుంటున్న మూజా కొడుకతను. రాజధానిలో, అల్ ఖువైర్‌లో ఒక మంత్రిత్వ శాఖ ఆఫీసులో పని, బౌషర్‌లో కాపురం. హిందీ బాగా మాట్లాడతాడు. చిన్నప్పుడు ఈ లైనులో ఆడుకుని నేర్చుకున్న హిందీ.

"రేపు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక వస్తాను. మా అమ్మకు ఆస్పత్రి అని చెప్పు. బౌషర్ ఆస్పత్రిలో కళ్లకు, మోకాళ్లకు పరీక్షలు, రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తావని చెప్పు. ఇల్లు పడగొడతారని మాత్రం చెప్పొద్దు. చెప్తే కదలదు, నీకు తెలుసు."

తెలుసు. కొత్త కంపెనీ వాళ్లు ఈసారి సొరంగం తవ్వరు, పైనుంచే కొండను చెక్కుకుంటూ వస్తారు. లైను కిందే మంచి రాయి ఉందని తేలింది. వచ్చే ఆదివారం బుల్డోజర్లు వస్తాయి. ఇల్లు ఖాళీ చేయమని మూజాకు మూడుసార్లు కాగితం వచ్చింది. ఆమె చదవలేదు, చదివించుకోలేదు, మడిచి చక్కెర డబ్బా కింద పెట్టింది.

ఏడున్నరకు నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఖమరుద్దీన్ దిగి పైపు తగిలించి, అరుగు మీద కూర్చున్నాడు. రాయచోటి మనిషి. ఇరవై ఏళ్ల వయసులో వచ్చి ఇక్కడే గడ్డం తెల్లబడ్డాడు. అమ్మణ్ణి టీ తెచ్చి ఇచ్చింది.

"రేపు పొద్దన్నే ఆరింటికి వ్యాను వస్తాదక్కా," అన్నాడు. "రూవిలో ఆఫీసోళ్లు పాస్‌పోర్టు, టికెట్టు చేతికిస్తారు. సాయంత్రం ఫ్లైటు. నేనే తోలకపోతా."

"నీ సంగతేందన్నా?"

"నాకింగా నెల ఉండాది. ఈ ట్యాంకరు ఎవురికన్నా అప్పజెప్పల్ల గదా." ఒక గుటక తాగి ఇంటి లోపలికి చూశాడు. "పెద్దామెకు చెప్పినావా?"

"ఆస్పత్రని చెప్పమన్నాడు ఫహదు."

"చెప్పు మరి. రెండు మాటలే గదా."

"ఆ రెండు మాటలే రాల్యా. రాత్రి చెప్తామని కాళ్లకాడ కూసున్యా. కాళ్లు పట్టి లేసొచ్చినా."

ఖమరుద్దీన్ గ్లాసు ఖాళీ చేశాడు. పైపులో నీళ్లు పోతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. తొట్టి నిండాక పైపు చుట్టి, ఖాళీ గ్లాసు తానే కడిగి అరుగు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

ఒమాన్‌లో పనివాళ్లు ఇంటి పెద్దామెను మామా అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపు పిలవాలంటే అమ్మణ్ణికి నవ్వొచ్చేది. ఊళ్లో మామ అంటే మొగుణ్ణి కన్న తండ్రి, మీసాలూ చుట్టా ఉన్న మనిషి. మూజాకు అమ్మణ్ణి పేరు తిరగలేదు. అమానీ అంది. వాళ్లలో ఆ పేరు ఉందట. కోరికలు అని అర్థమట. ఇరవై ఏళ్లుగా ఒకరు మామా, ఒకరు అమానీ.

మూజా లేచేసరికి ఎండ పొగగొట్టం మీదికి వచ్చింది. డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు భారీ మనిషి. ఇప్పుడు ఒళ్లు తగ్గి, చర్మం మాత్రం పాత కొలతలోనే మిగిలిపోయింది. కళ్లలో నీలంగా పొర. అరికాళ్లకు గోరింటాకు. పదిహేను రోజులకొకసారి అమ్మణ్ణే పెడుతుంది. కహ్వా తాగి, రెండు ఖర్జూరాలు చప్పరించి, నేల మీద కూర్చుని తల ఆమె ఒడివైపు వంచింది. అమ్మణ్ణి నూనె రాయడం మొదలుపెట్టింది.

వాళ్లిద్దరికీ ఒక భాష ఉంది. సగం అరబ్బీ, పావు హిందీ, మిగిలింది తెలుగు. బయటివాళ్లు వింటే తలా తోకా తెలియదు. తిండికీ నొప్పికీ అందులో మాటలున్నాయి. ఎండ, గాలి, మేకలు, చచ్చిపోయినవాళ్లు, అన్నిటికీ ఉన్నాయి. అబద్ధం ఆడటానికి చాలినన్ని మాటలు మాత్రం లేవు. ఇన్నేళ్లలో ఆ అవసరం పడలేదు.

"మామా," అంది అమ్మణ్ణి, జడ పాయలు తీస్తూ. "సాయంత్రం ఫహద్ వస్తాడు. ముస్తష్ఫా, ఆస్పత్రి. కళ్లు చూపించడానికి. రెండు రోజులు."

మూజా గది మూలన ఉన్న పెట్టెవైపు ముఖం తిప్పింది. నిన్న రాత్రి అమ్మణ్ణి సర్దిన పెట్టె అది. మూత సరిగా పడక ఎర్ర ఉన్ని శాలువా అంచు బయటికి వేలాడుతోంది. చూపు ఆనకపోయినా ఎరుపు మాత్రం ఆమెకు ఆనుతుంది.

"రెండు రోజులకు చలి శాలువా ఎందుకు?" అంది.

అమ్మణ్ణి చేతులు జడలో ఆగిపోయాయి. శాలువా ఆస్పత్రిలో ఏసీకి అని చెప్పొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ముందు కూర్చున్న తల నూనెతో తడిసి, చిన్నపిల్ల తలలా నెత్తి తెల్లగా కనపడుతూ, జవాబు కోసం కదలకుండా ఉంది.

"బైత్ ఖలాస్, మామా," అంది. ఇల్లు అయిపోయింది. అంతకంటే ఎక్కువ చెప్పడానికి ఆమెకు అరబ్బీ రాదు.

బయట మేక ఒకటి అరిచి ఊరుకుంది. మూజా చెయ్యి వెనక్కి చాపి, జడలో ఆగిన అమ్మణ్ణి చేతిని వెతికి పట్టుకుంది. ఏడవలేదు. "జడ పూర్తి చెయ్," అంది.

జడ పూర్తయ్యాక గోడ పట్టుకుని లేచింది. "తాళంచెవులన్నీ తీసుకురా. ఇళ్లన్నీ తెరువు."

అమ్మణ్ణి దగ్గర లైను మొత్తం తాళంచెవులున్నాయి. ఆరేళ్లుగా ఖాళీ ఇళ్లను శుక్రవారం శుక్రవారం ఊడుస్తున్నది ఆమే. ఎవరూ చెప్పలేదు. ఊడవకపోతే ఇసుక గోడలెక్కుతుందని ఊడుస్తుంది. ఒకటో నంబరు తలుపు తెరిచింది. మూజా ఆమె భుజం మీద చెయ్యి వేసి గడప దగ్గర నిలబడింది. లోపల ఎవరో ఉన్నట్టు సలాం చెప్పింది. ఒక గది నిండా కాంతి. కప్పు రేకు లేచిపోయిన చోటునుంచి పడి, దుమ్ములో నిలువుగా నిలబడి ఉంది. రెండో ఇంటికి సలాం. మూడో ఇంట్లో పావురాళ్లు సలాం విని రెక్కలు కొట్టాయి. నాలుగో ఇంట్లో గోడకు ఎప్పటిదో క్యాలెండరు. ఐదులో వేపుడు వాసన ఇంకా ఉందని మూజా అంది. అక్కడెవరూ పొయ్యి ముట్టించి ఎనిమిదేళ్లయింది. అమ్మణ్ణి ముక్కు ఎగబీల్చి చూసింది. ఆమెకూ వాసన వచ్చినట్టే అనిపించింది. ఏడు, ఎనిమిది చూసుకుని వెనక్కి తిరిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. కొండలు కరిగి అటూ ఇటూ ఊగుతున్నాయి. లైను ఒడ్డున కట్టేసిన పడవలా కనిపించింది.

ఆరో నంబరులోకి రాగానే మూజా ముందు గదిలో గూటి ముందు నిలబడింది.

"జీషాన్ ఇందులోనే కదా పడుకునేది?"

"ఇందులోనే."

మూజా జీషాన్‌ను ఎన్నడూ చూడలేదు. అమ్మణ్ణి చెప్పగా విన్నదే. ఇరవై ఆరేళ్ల కిందట అమ్మణ్ణి మొదట పనికొచ్చింది హైదరాబాదు వాళ్ల దగ్గరికి. ఆయన గనిలో పంపులు చూసే ఫోర్మను వజీర్. ఆయన భార్య వజీరున్నీసా. పేర్లు కలిశాయని పెళ్లి చేశారా అని లైనంతా నవ్వేది. వజీరున్నీసాకు నొప్పులొచ్చిన రోజు వాన పడి వాగు పొంగింది. కారు దాటలేదు. ఈ గదిలోనే అమ్మణ్ణి చేతుల్లోకి జీషాన్ వచ్చాడు. పొగగొట్టంలోంచి గాలి దిగుతుందని ఆ ఎండాకాలమంతా పిల్లాణ్ణి గూట్లో బొంత పరిచి పడుకోబెట్టేవాళ్లు. ఐదేళ్ల తన కూతురు మల్లీశ్వరిని తల్లి దగ్గర వదిలి వచ్చిన అమ్మణ్ణి, పైటతో విసురుతూ ఆ గూటి ముందు కూర్చునేది. విసురుతూ విసురుతూ ఏ బిడ్డకు విసురుతున్నదో మరిచిపోయేది.

వజీర్ వాళ్లు వెళ్లిపోతున్నప్పుడు కంపెనీ స్టోరు నుంచి ఒకతను వచ్చి సామాను రాసుకున్నాడు. ఫ్రిజ్ ఒకటి, ఏసీలు రెండు, మంచాలు మూడు. అమ్మణ్ణిని చూసి, ఈమె ఎవరి తాలూకు అని అడిగాడు. కంపెనీ వీసానే అని ఎవరో అన్నారు. అతను అడుగున పెన్నుతో ఆమె పేరు కూడా రాసుకున్నాడు. ఆరోజునుంచి ఆమె ఇంటి తాలూకు అయింది.

"అజ్మత్ గోడ ఏది?" అంది మూజా.

అమ్మణ్ణి ఆమె అరచేతిని పట్టుకుని తూర్పు గోడ మీద, భుజమంత ఎత్తులో పెట్టింది. వజీర్ వాళ్ల తర్వాత ఈ ఇంట్లో ఉన్న పెషావర్ అజ్మత్ ఖాన్, తూటాలు పేల్చే మనిషి. సగం చెవిటి. తనకు సెలవున్న రోజు కూడా ఒకటిన్నరకు అరచెయ్యి అక్కడ ఆనించి నిలబడి, కొండలో ఎన్ని పేలాయో లెక్కపెట్టేవాడు. ఒకటి తక్కువైతే అన్నం ముట్టేవాడు కాదు. పేలని తూటా లోపల ఉండిపోయిందని తెలియక ఎవరైనా దాని మీద పార వేస్తారని భయం. ఆయన మూడేళ్లూ అమ్మణ్ణి మెస్సు పక్క ఆడవాళ్ల క్యాబిన్‌లో పడుకుని, పగలు వచ్చి పని చేసి పోయేది. గూట్లో ఆయన ఉల్లిపాయలు పోసుకునేవాడు.

ఆ తర్వాత మూజా భర్త ఖల్ఫాన్‌కు ఈ ఇల్లిచ్చారు. కొండ పల్లెలో మేకలు కాసిన మనిషి, గనిలోకి దిగి షిఫ్టు మేస్త్రీ అయ్యాడు. మూజా వచ్చిన రోజునే గూట్లో నిప్పులు పెట్టి లుబాన్ వేసింది. ఈ దేశపు సాంబ్రాణి. అంతకాలానికి ఆ పొగగొట్టంలోంచి మొదటిసారి పొగ పైకి లేచింది. లైనులో జనం బయటికొచ్చి చూశారు. ఖల్ఫాన్ పోయింది కూడా ఈ గదిలోనే. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. గని మూసిన ఏడాదే.

మూజా అందరికీ పేరు పేరునా సలాం చెప్పింది. కుర్చీలో కాళ్లు చాపుకున్న దొరకు కూడా చెప్పింది. ఆ తర్వాత ఆగి, అమ్మణ్ణివైపు తిరిగింది.

"నీ చోటేది?"

అమ్మణ్ణికి అర్థం కాలేదు.

"అందరి చోట్లూ చూపించావు. నువ్వు పడుకునేది ఎక్కడ?"

పెరట్లో బొగ్గుల గది. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. తలుపు పొట్టిది, వంగి లోపలికి పోవాలి. బొగ్గుల గంప పైనుంచి గుమ్మరించడానికని దొర నక్షాలో పెట్టించిన చదరపు కంత ఒకటి కప్పు దగ్గర ఉంది. వెలుగూ గాలీ దాంట్లోంచే. ఇరవై ఏళ్లలో మూజా వంటింటి గుమ్మం దాటి అటు రాలేదు. రావలసిన పని పడలేదు. పిలిస్తే అమ్మణ్ణే వచ్చేది.

ఆ మధ్యాహ్నం మూజా ఇంట్లో తొడుక్కునే నీలం రబ్బరు చెప్పులు గడప బయట విడిచి, నడుము వంచి, గోడలు తడుముకుంటూ ఆ గదిలోకి వెళ్లింది. మంచం అంచు చేతికి తగిలాక కూర్చుంది. దుప్పటి తడిమింది. తలగడ తడిమింది. గోడకు కొట్టిన మూడు మేకులు, వాటికి రెండు చీరలు, ఒక సంచి. పటం ఒకటి ఉంటే దాని మీద వేళ్లు పెట్టి, "ఎవరు?" అంది.

"పెంచలయ్య. నా ఇంటాయన."

ముగ్గురాయి గనిలో డ్రిల్లింగు పని. పైగట్టు విరిగి మీద పడింది. అమ్మణ్ణికి అప్పుడు ముప్పై రెండు. ఆ తర్వాత వాళ్లు కాపురమున్న వీధి కూడా గని పెరిగి అందులో కలిసిపోయింది. సెలవుకు పోయినప్పుడల్లా ఆమె గుంత అంచున నిలబడి, గాలిలో ఇంత ఎత్తున మా వాకిలి ఉండేది అని మల్లీశ్వరికి చూపించేది. మల్లీశ్వరికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కోడూరులో ఉంటుంది. మొన్న ఫోనులో, "ముందర గది నీకే మా, కిటికీ గూడా ఉండాది," అంది. కిటికీ ఉన్న గదిలో నిద్ర పడుతుందో లేదో అమ్మణ్ణికి తెలియదు.

ఇదంతా ఆమె మూజాకు చెప్పలేదు. "కొండ పడింది," అంది. మూజా తల ఊపింది. ఆ మాట ఆమెకు తెలిసిన మాటే.

"ఇక్కడ చల్లగా ఉంది," అని మూజా మంచం మీద ఒరిగింది. "కొంచెం పడుకుంటాను."

అమ్మణ్ణి కింద చాప వేసుకుంది. కంతలోంచి పడే ఎండముక్క గోడ మీదినుంచి జారి మంచం మీదికి వచ్చింది. అంటే ఒకటిన్నర కావస్తోంది. గడియారం లేని గదిలో అదే ఆమె గడియారం. పైన మూజా ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా సాగుతోంది. కళ్లు మూతపడ్డాయో లేదో, సైరను మోగింది. ఎక్కడో చాలా లోతున కొండ కదిలింది. ఇల్లు ఒళ్లు విరుచుకుంది. వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి. అజ్మత్ అరచెయ్యి గోడకు ఆనించి, అన్నీ పేలాయి, అన్నం పెట్టు అన్నాడు. దొర కుర్చీ పక్కకు జరిపి చోటిచ్చాడు. వజీరున్నీసా గూట్లోంచి పిల్లాణ్ణి తీసి భుజాన వేసుకుంది. షిఫ్టు దిగిన మనుషులు టోపీల్లో దీపాలతో వాగు వెంబడి వస్తున్నారు. పట్టపగలు ఆ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ముందు ఖల్ఫాన్, నల్లటి ముఖంతో నవ్వుతూ. ఆఖరున ఒక మనిషి ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, ఈ గనివాడు కాని మనిషి, కొత్త చోటుకు వచ్చినట్టు అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి బొగ్గుల గది ముందు ఆగాడు. తలుపు పొట్టిదని ఆమె చెప్పబోయింది. ఆమె చెప్పకముందే అతను తల వంచి లోపలికి వచ్చాడు. ముగ్గురాయి దుమ్ము వాసన. అంత దగ్గరగా.

ఆమె కళ్లు తెరిచేసరికి ఎండముక్క మంచం దిగి తలుపు దగ్గరికి పోయింది. మూజా లేచి కూర్చుని ఉంది.

"ఖల్ఫాన్ వచ్చాడు," అంది మూజా. "అందరూ వచ్చారు. నీ మనిషి కూడా. తెల్లగా ఉన్నాడు."

అమ్మణ్ణి ఆమె ముఖంలోకి చూసింది. లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

మూజా నీళ్లు తాగి, తడి మూతి తుడుచుకుని అంది. "అమానీ. నువ్వు చెప్పావని ఫహద్‌కు తెలియనివ్వకు. తన అబద్ధం తల్లికి తెలిసిపోయిందని తెలిస్తే వాడు దారంతా కారు సరిగా నడపలేడు. రెండున్నర గంటల దారి."

అసర్ అయ్యాక ఫహద్ వచ్చాడు. మడమల దాకా తెల్లటి దిష్దాషా, చేతిలో కారు తాళం. ముప్పై రెండేళ్లవాడు, తల్లి ముందు మాత్రం భుజాలు వంచి నిలబడతాడు. గుమ్మంలోనే అమ్మణ్ణిని ఆపి, గొంతు తగ్గించి హిందీలో అడిగాడు.

"ఏం చెప్పలేదుగా?"

"లేదు బాబా. ఆస్పత్రి అనే చెప్పాను."

హిందీలో అబద్ధం సులువుగా వచ్చింది. ఫహద్ ఊపిరి వదిలాడు. ఏదో ఇంకా చెప్పాలన్నట్టు నిలబడ్డాడు. "మా ఇంట్లో చోటు ఉండి ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. చిన్నప్పుడు బడినుంచి రాగానే ఈమె చేతి చపాతీలు నిలబడే తినేవాడు. ఇప్పుడు కూడా అట్లాగే, ఎటు చూడాలో తెలియక వంటింటివైపు చూశాడు.

"పెట్టె బరువుగా ఉంది, జాగ్రత్త," అంది అమ్మణ్ణి.

మూజాకు నల్ల అబాయా తొడిగింది. బయటికి పోయేటప్పుడు వేసుకునే తోలు చెప్పులు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని పాదాలకు తొడిగింది. గోరింటాకు ఇంకా వారంపాటు ఎర్రగా ఉంటుంది. మూజా కొడుకు వినేలా ఒక్కొక్క పనీ చెప్పింది. మేకలకు ఖర్జూరపు గింజలు నానబెట్టమంది. గూడు తుడవమంది. రెండు రోజులే కదా, చక్కెర డబ్బాకు చీమలు పట్టకుండా చూసుకోమంది. ఫహద్ తల వంచుకుని పెట్టె కారులో పెట్టాడు.

కారు తలుపు వేయబోతుంటే మూజా చెయ్యి అడ్డం పెట్టింది. పొర కమ్మిన కళ్లతో అమ్మణ్ణి ఉన్నవైపు చూసింది. తెలుగులో, పెదవులు కూడదీసుకుని, ఒక్క మాట అంది.

"పోయొస్తా."

సెలవుకు పోయే ప్రతిసారీ అమ్మణ్ణి ఆమెతో అనే మాట అది. ఎనిమిదిసార్లు అని ఉంటుంది. పోతా అనరు, పోయొస్తా అంటారు. ఆ తేడా మూజాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

"పోయి రా మామా," అంది అమ్మణ్ణి. అట్లా అనాలి కాబట్టి అంది.

కారు చిట్టెపు గుట్టలు దాటి మలుపు తిరిగింది. లేచిన దుమ్ము సాయంత్రపు వెలుగులో చాలాసేపు అట్లాగే నిలబడి, తర్వాత నెమ్మదిగా దిగింది. అమ్మణ్ణి మేకలకు గింజలు నానబెట్టింది. గూడు తుడిచింది. గిన్నెలు కడిగింది. పొద్దు కుంకక ముందే తన సంచి సర్దుకుంది. రెండు చీరలు, పెంచలయ్య పటం, మల్లీశ్వరి పిల్లలకు కొన్న పలకలు. అంతకు మించి సర్దుకోవలసింది లేదు.

తెల్లవారి ఆరు కొట్టకముందే వ్యాను వచ్చింది. ఖమరుద్దీన్ సంచి అందుకోబోతే ఆమె ఇవ్వలేదు. తాళంచెవుల గుత్తి మాత్రం ఇచ్చింది.

"అన్నీ ఏసినావా అక్కా?"

"ఏసినా. నా గది ఒకటి ఏయల్యా."

"ఏమి?"

"ఏయబుద్ధి కాల్యా."

అతను గుత్తి జేబులో వేసుకుని, మేకలను ఆ సాయంత్రమే కొండ పల్లెకు తోలిస్తానని చెప్పాడు. ఆమె ముందు సీట్లో కూర్చుంది. వ్యాను కదిలింది. ఎనిమిది పొగగొట్టాలు అద్దంలో కాసేపు వెంట వచ్చి, ఒక్కొక్కటిగా కొండ చాటుకు పోయాయి.

పెరట్లోకి ఎండ కొంచెం ఆలస్యంగా వస్తుంది. తెరిచి ఉన్న పొట్టి తలుపు ముందు, గడప బయట, ఒక జత నీలం రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఎవరో పరాయి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చి, గౌరవంగా విడిచి లోపలికి వెళ్లినట్టు, రెండూ పక్కపక్కనే, వేళ్లవైపు గదిలోకి తిరిగి ఉన్నాయి.